ముక్కు మీద చుక్క

కోసిగి రైల్వే స్టేషన్ నుంచి బజారులోకి వచ్చే దారిలో ఒకదాన్నొకటి ఆనుకుని రెండు కొట్లు ఉంటాయి. ఒకటి నాది. నా పేరు ఉరుకుందప్ప, ఫొటోలకు ఫ్రేములు కడతాను. రెండోది ఏసేపు ఫొటో స్టూడియో. అతను తీస్తాడు, నేను కడతాను. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒకటే గోడ, ఒకటే తగాదా. ఆ తగాదా చుక్క గురించి.

ఏసేపు కెమెరా లెన్సు ముందు ఒక గుండ్రటి అద్దం బిగించి ఉంటుంది. స్టార్ ఫిల్టర్ అంటారు దాన్ని. చూడ్డానికి మామూలు అద్దమే గానీ, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దాని మీద అడ్డంగా, నిలువుగా వెంట్రుకలంత సన్నటి గీతలు కనిపిస్తాయి. ఎదుట ఏదైనా తళుక్కుమంటే చాలు, ఆ గీతలు ఆ తళుకును పట్టుకుని నాలుగు వైపులా సాగదీసి, క్రిస్మస్‌కు ఇళ్ళ మీద కట్టే చుక్కలాగా చేసేస్తాయి. కమ్మలు మెరిస్తే కమ్మల మీద చుక్క, స్టీలు గ్లాసు మెరిస్తే గ్లాసు మీద చుక్క. బట్టతల మెరిస్తే ఇక చెప్పక్కర్లేదు. మా పాస్టరు హెన్రీగారిని చర్చి ముందు నిలబెట్టి తీస్తే, చర్చి మీద కట్టిన చుక్క కన్నా ఆయన తల మీద పడిన చుక్కే పెద్దదిగా వచ్చింది. సంఘమంతా అది దేవుడి దీవెన అంది. పాస్టరుగారు మాత్రం ఆ వారమే టోపీ కొనుక్కున్నారు.

మిగతా ఫొటోగ్రాఫర్లు ఈ అద్దాన్ని ఏ పెళ్ళి దీపాల దగ్గరో కాసేపు పెట్టి తీసేస్తారు. మావాడు పట్టుపంచె కట్టుకుని కలుపు తీయడానికి పోయే రకం. పేరు పెట్టే పండగైనా అదే, సంతాప సభైనా అదే. బొజ్జన్న తాత చనిపోతే పటం కట్టమని ఇంటివాళ్ళు ఏసేపు తీసిన పాత ఫొటో తెచ్చి ఇచ్చారు. తాత కళ్ళద్దాల మీద చెరో చుక్క. పైలోకం నుంచి టార్చిలైట్లు వేసి మనవాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తున్నట్టు ఉన్నాడు. దానికే దండ వేసి ఇప్పటికీ మొక్కుతున్నారు. ఫ్రేము కట్టిన పాపం నాది.

"ఆ అద్దం ఒకసారి తీసి చూడప్పా. మనుషులు కనపడతారు" అని నేను అంటూనే ఉంటాను.

"మనుషులు దినామూ కనపడతానే ఉండారు కదన్నా. ఫొటోలో కూడా యాల?" అంటాడు ఏసేపు.

ఇలాంటి వాడితో వాదించడం కన్నా మేకులు కొట్టుకోవడం నయం.

ఏసేపుది కూలిచేసుకునే ఇల్లు. మా వైపు వాన మొహం చాటేస్తే ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాపాపలతో రైలెక్కి పనులున్న చోటికి పోతారు. సుగ్గికి పోవడం అంటాం దాన్ని. ఏసేపు, కృపమణి పెళ్ళైన కొత్తలో అలాగే బెంగళూరు పోయి మేడలు కట్టే చోట ఇటుకలు మోశారు. అక్కడే ఎవరో స్టూడియో ఆయన దగ్గర పని నేర్చుకుని, పాత కెమెరా ఒకటి సంపాదించుకుని వచ్చాడు. ఆ తర్వాత కెమెరాలు మారాయి, రీళ్ళు పోయి చిప్పులు వచ్చాయి. ఆ అద్దం మాత్రం మారలేదు. కొత్త కెమెరా కొన్న రోజే దాన్ని తెచ్చి బిగించాడు, అంతే, మళ్ళీ తీయలేదు. "అందరి మొగుళ్ళు కోపమొస్తే చుక్కలు చూపిస్తారు, మా ఆయన దుడ్లు తీసుకొని చూపిస్తాడు" అని కృపమణి వచ్చిన వాళ్ళందరితో అంటుంది.

అన్నట్టు ఈ కథ నారాయణ కూతురు సుప్రజ ముక్కుది.

నారాయణ పొలాలున్న ఆసామి, పత్తి వ్యాపారం కూడా చేస్తాడు. సుప్రజ ఆదోనిలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్లకు రైల్వే కోడూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు భూపేష్, మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఇంజనీరు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు, వీడియోల్లో చూసుకున్నారు, మనసులు కుదిరాయి. మిగిలింది అబ్బాయి తల్లి కృష్ణవేణమ్మ ఒప్పుకోవడం. ఆమె ఫోన్ ఫొటోలు నమ్మదు. వాళ్ళ పక్కింటివాళ్ళు ఫోన్ ఫొటో చూసి కోడల్ని కుదుర్చుకుంటే, బస్సులోంచి వేరే పిల్ల దిగినట్టు ఉందట. అందుకని స్టూడియోలో తీసి, కాగితం మీద వేసిన ఫొటో పంపమంది. అది నచ్చితేనే పెళ్ళిచూపులకు వస్తామంది. కోడూరు నుంచి కోసిగికి రావడమంటే మాటలా?

నారాయణ కూతుర్ని ఏసేపు దగ్గరకు తెచ్చాడు. సుప్రజ రవ్వల ముక్కుపుడక పెట్టుకుని కూర్చుంది. ఏసేపు లైట్లు వేసి, గడ్డం కొద్దిగా పైకెత్తమని చెప్పి, బటన్ నొక్కాడు. ఫొటో కోడూరు పోయింది.

నాలుగైదు రోజులకు నారాయణ ఆ ఫొటోదే ఇంకో ప్రతి పట్టుకుని మా కొట్ల ముందు స్కూటరు ఆపాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమప్పా ఏసేపూ! నా బిడ్డకు ముక్కు ఉండాదా లేదా?"

"ఉండాది కదన్నా" అన్నాడు ఏసేపు, బిత్తరపోయి.

"అయితే దీంట్లో యాడుండాదో చూపీ!"

నేనూ తొంగి చూశాను. పిల్ల కళ్ళు ఉన్నాయి, నవ్వు ఉంది, చక్కటి జడ ఉంది. నడుమ ఈ చెంప నుంచి ఆ చెంప దాకా, బొట్టు నుంచి గడ్డం దాకా ఒక మహా చుక్క. దాని కింద ముక్కే ఉందో, ముంతే ఉందో దేవుడికెరుక.

అంతలో నారాయణ ఫోన్ మోగింది. అవతల కృష్ణవేణమ్మ, వీడియోలో. నోటికి అడ్డంగా చీరకొంగు పెట్టుకుని మాట్లాడుతోంది. ఆ తల్లి ఎప్పుడూ అంతేనట. నోరు దాచుకుంది గానీ గొంతు దాచుకోలేదు, స్టేషన్ దాకా వినిపించింది.

"ఇదో నారాయణన్నా, తప్పుగా అనుకోవద్దు. పిల్ల కండ్లు బాగుండాయి, జడ బాగుండాది. ముక్కు యాడన్నా? ముక్కు మీద ఆ మంట యాంది? నాకేమో ఏదో దాచినట్టుండాది."

వెనక నుంచి భూపేష్ గొంతు, "నేను చూసినా కదమ్మా, ముక్కు బాగానే ఉండాది."

"నువ్వు ముక్కు చూసినావా? మూతి చూసినావా? నీకు ఆ పిల్ల కండ్లు తప్ప ఇంకేమన్నా కనపడితే కదరా! గమ్మునుండు." కొడుకును కసిరి మళ్ళీ ఇటు తిరిగింది. "శుక్రవారం నంద్యాలలో ఇంకో పిల్లను చూడబోతాండామన్నా. ఈలోగా చుక్కా గిక్కా లేని ఫొటో వస్తే సరే. లేదంటే ఎవరి దావ వాళ్ళది."

ఫోన్ పెట్టేశాక నారాయణ ఏసేపు వైపు చూసిన చూపుకు మాట అక్కర్లేదు. అయినా అన్నాడు. "పిల్లను రేపు ఆదోనికి తీసకపోయి తీయిస్తా. ఈ సంబంధం గాన తప్పిపోయిందనుకో, నీ స్టూడియో ముందర నేనే కుర్చీ ఏసుకొని కూచుంటా. ఒక్కడు లోపలికి వస్తే అడుగు."

అతను అన్నంత పనీ చేస్తాడు. చేయకపోయినా, కోసిగి పిల్ల ముక్కుకు ఆదోని వాడు సాక్ష్యం చెప్పాడంటే మా ఊళ్ళో ఏసేపు దగ్గర ఇంకెవరు ఫొటో తీయించుకుంటారు? ఏసేపు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. నేను చెప్పలేదా అని అందామనుకుని, మొహం చూసి మింగేశాను.

సాయంత్రం సుప్రజ బ్యాంకు నుంచి వస్తూ ఏసేపు కొట్టు దగ్గర ఆగింది. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మామా, నేను ఆదోనిలో తీయించుకోనని నాయనతో చెప్పినా. నా ఫొటోలన్నీ నువ్వు తీసినవే. ఇది కూడా నువ్వే తీయి. ముక్కు మాత్రం కనపడాల. నాకు ఆ పిల్లోడు కావాల మామా" అంది.

ముందు కంప్యూటర్లో ప్రయత్నించాడు ఏసేపు. చుక్కను చెరిపితే దాంతోపాటు ముక్కూ పోయింది. పాత ఫొటోల్లోంచి ఆ పిల్ల ముక్కే తెచ్చి అతికిద్దామని వెతికాడు. పుట్టినరోజు ఫొటోలో ముక్కు మీద చుక్క. పదో తరగతి ఫొటోలో ముక్కు మీద చుక్క. మరీ చిన్నప్పటి ఫొటోలో ముక్కుపుడక లేదు కదా అని ఆశపడ్డాం. ముక్కుపుడక లేకపోయినా అప్పుడు ముక్కు కారేది, అదీ మెరిసింది. ఆధార్ కార్డు మీద ముక్కు ఉంది గానీ, ఆ ఫొటో పంపితే ఉన్న ఆశ కూడా ఊడుతుంది. కృపమణి మాత్రం, "ఫోన్లో తీసి, స్టూడియో అట్టలో పెట్టి పంపితే ఆయమ్మకేం తెలుస్తాది?" అంది.

ఏసేపు తల అడ్డంగా ఊపాడు. "స్టూడియో ఫొటో అని అడిగింది. ఆయమ్మను మోసం చేయలేను మణీ. అద్దం తీస్తా."

ఆ మాట అతని నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అన్నాడు, పట్టుకున్నాడు, తిప్పాడు. అద్దం కదల్లేదు.

కదలదు మరి. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళ పసుపు, కోసిగి దుమ్ము, ఏసేపు చెమట కలిసి మరల్లోకి దిగి సిమెంటులా పట్టేశాయి. నేను పట్టి తిప్పాను, రాలేదు. రబ్బరు బ్యాండు చుట్టి తిప్పాం. కొబ్బరినూనె చుక్క వేశాం. బైకు మెకానిక్కు పట్టకారు పెట్టి నొక్కితే అంచు సొట్టపోయి ఇంకా గట్టిగా బిగుసుకుంది. సోడా కొట్టువాడు ఐసుపెట్టెలో పెడితే వస్తుందన్నాడు. కెమెరా కూడా చచ్చిపోతుందని కృపమణి వాణ్ణి తరిమింది. పాస్టరుగారు టోపీ తీసి ప్రార్థన చేశారు. దారినపోయే వాళ్ళంతా ఆగి, తలా ఒక సలహా ఇచ్చి, తలా ఒకసారి తిప్పారు. తెల్లారితే గురువారం. శుక్రవారం నంద్యాల.

అప్పుడు గాజుల గిడ్డమ్మ బుట్ట దించింది. మా ఊళ్ళో ఆడవాళ్ళ చేతుల్లో ఆమె ఎక్కించని, దించని గాజు లేదు.

"లాగొద్దండ్రప్పా, పాపం. మొండి గాజు కూడా ఇంతే. లాగితే పగులుతాది, చెయ్యి తెగుతాది" అని, సబ్బు నురగ గుడ్డకు రాసుకుని అంచు చుట్టూ తుడిచింది. లెన్సును ఏసేపు చేతిలోనే ఉంచమంది. "ఇదో ఏసేపూ, దీంతో మొట్టమొదట ఎవరిని తీసినావప్పా?"

"ఇప్పుడెందుకవ్వా అది?"

"చెప్పుమంటే చెప్పు."

ఏసేపు కృపమణి వైపు చూశాడు. ఆమె లోపలికి పోబోయి ఆగింది.

"మణినే తీసినా. బెంగళూరులో. ఇటుకలు మోసి దిగింది అప్పుడే. ఫొటో తీస్తా నిలబడు అంటే, మెడలో పసుపుతాడు, చెవులకు చీపురుపుల్లలు, నన్నేం తీస్తావు పో అనింది. ఈ అద్దం పెట్టి చూస్తే... నుదుటి మీద చెమట చుక్క ఉండాది అవ్వా. దాని మీద పడింది చుక్క. అంతపెద్దది. పాపిటబిళ్ళ పెట్టుకున్నట్టు ఉండింది. మన కోసిగిలో ఎవరికవ్వా బంగారం ఉండేది? దీంతో తీస్తే మాత్రం అందరికీ ఏదో ఒకటి మెరుస్తాది. అందుకే నేను—"

"వచ్చింది" అంది గిడ్డమ్మ.

అద్దం ఆమె చేతిలో ఉంది. అతను చెబుతూ ఉండగా ఆ మనిషి పట్టు సడలింది, ఆమె అలవోకగా తిప్పేసింది. "నువ్వు గట్టిగా పట్టుకోబట్టే రాలే ఇంతసేపూ. ఆడపిల్లల చేతులు కూడా అంతే, మాట్లాడిచ్చి గాజు తీయాల" అని బుట్ట ఎత్తుకుని పోయింది. కృపమణి కళ్ళు తుడుచుకుంటూ, అది ఉల్లిపాయల వల్ల అంది. లోపల కోసి పెట్టినవి బెండకాయలు. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళు ఆ మనిషిని ఎగతాళి చేసినందుకు నాకూ సిగ్గేసింది. చెప్పుకోలేదనుకోండి.

ఆ పూటే సుప్రజను కూర్చోబెట్టి ఉత్త లెన్సుతో తీశాడు. అద్దం లేకుండా చూస్తే ఎవరో కొత్తమనిషి కనపడుతోందన్నాడు. ముక్కు వచ్చింది. ఇంత రభసకు కారణమైన ముక్కు కదా, చాలా మామూలు ముక్కు. ఆదోని నుంచి కడప పోయే బస్సు డ్రైవరు చేతికి కవరిచ్చాం. భూపేష్ కడపలో కాచుకుని ఉండి తీసుకుపోయాడు. శుక్రవారం ఉదయం ఫోన్ వచ్చింది, నంద్యాల ప్రయాణం మానుకున్నారని.

ఆదివారం వాళ్ళు పెళ్ళిచూపులకు దిగారు. కృష్ణవేణమ్మ సుప్రజ గడ్డం పట్టుకుని ముక్కును కుడి నుంచి, ఎడమ నుంచి చూసి తృప్తిపడింది. కాఫీ తాగింది. గ్లాసు కింద పెడుతూనే, "ఆ చుక్కలాయప్ప యాడుంటాడు?" అంది.

నారాయణ ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె స్టూడియోలోకి దూసుకొచ్చింది, నోటికి కొంగు అడ్డం. తిట్టడానికి వచ్చిందనుకుని నేను కూడా గోడ ఇవతల నుంచి అవతలకు వచ్చాను, పక్కవాడికి ఆపద వస్తే చూడాలి కదా. ఆమె తిట్టలేదు. గోడ మీద ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. కొడవలి మీద చుక్కతో కూలికి పోయే సుంకులమ్మ, కళ్ళద్దాల మీద చుక్కలతో తాత, టోపీ కొనకముందు పాస్టరుగారు. కృపమణి బెంగళూరు ఫొటో ముందు చాలాసేపు నిలబడింది.

తర్వాత వచ్చి స్టూలు మీద కూర్చుంది. "నాక్కూడా ఒకటి తీయప్పా. చుక్కది" అంది.

ఏసేపు మొహం విప్పారింది. అద్దం తుడిచి, సొట్ట అంచును సర్ది బిగించాడు. కెమెరాలోంచి చూశాడు. లైటు జరిపాడు. మళ్ళీ చూశాడు. ఇంకో లైటు వేశాడు. నుదురంతా చెమట పట్టింది అతనికి. నాకు అర్థమైంది. కృష్ణవేణమ్మ భర్త పోయి కొన్నేళ్ళైంది. ముక్కు బోసి, చెవులు బోసి, చేతులు బోసి. నేత చీర. మెరవడానికి ఆ మనిషి మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏమీ మెరవడం లేదమ్మా అని ఆమెతో ఎలా అంటాడు? అందరికీ ఏదో ఒకటి మెరుస్తాదని మొన్ననే కదా ఊరి ముందు అన్నాడు.

"ఏమప్పా, ఎంతసేపు?" అంది ఆమె.

ఏసేపు దిక్కులు చూశాడు. అప్పుడు కృపమణి తలుపు దగ్గర నుంచి, "తొందర పెట్టొద్దమ్మా. నీకు ముక్కు ఉండాదో లేదో ఖాయం చేసుకుంటాండాడు. రేపు మీ కోడలు అడిగితే చెప్పాల కదా" అంది.

నారాయణ పెళ్ళి ఇంతటితో సరి అనుకుని కళ్ళు మూసుకున్నాడు. కృష్ణవేణమ్మ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. ఆమె నవ్వింది, స్టూలు కిర్రుమనేలా నవ్వింది, రెండు చేతులతో మోకాళ్ళు కొట్టుకుంటూ నవ్వింది. కొంగు జారిపోయింది. పై వరసలో ఒక పన్ను, బంగారు పన్ను.

ఏసేపు నొక్కాడు.

కెమెరా వెనక తెర మీద చూపించాడు. నోటి నిండా నవ్వు, ఆ నవ్వు నడుమ చుక్క. కృష్ణవేణమ్మ చూసి, చెయ్యి నోటి దగ్గరకు తీసుకుపోయి, మధ్యలో ఆపేసింది.

"మా ఆయన కట్టించినాడబ్బా. పెండ్లైన కొత్తలో జామకాయ కొరికి పన్ను ఇరగ్గొట్టుకుంటే, ఏడవొద్దు బంగారుది పెట్టిస్తా అన్నాడు, పెట్టించినాడు. ఆయన పోయిన దినం ముక్కుపుడక తీసినారు, కమ్మలు తీసినారు, గాజులు పగలగొట్టినారు. మొగుడు పోయినా నోట్లో మెరుస్తానే ఉండాదే అని మా ఆడబిడ్డ అనింది. అప్పటి నుంచి కొంగు అడ్డం పెట్టుకుంటాండా." మళ్ళీ తెర వైపు చూసింది. "అన్నీ తీసినారు. ఇదొక్కటే రాలే వాళ్ళకు."

ఏసేపు కెమెరా పక్కన పెడుతూ అలవాటుగా అద్దాన్ని తిప్పి చూశాడు. సొట్ట అంచు మళ్ళీ బిగుసుకుంది, కదల్లేదు. నా వైపు చూశాడు. నేను గిడ్డమ్మను పిలవలేదు, సబ్బు మాట ఎత్తలేదు.

ఆ ఫొటోకు ఫ్రేము నేనే కట్టాను, మంచి టేకు చెక్కతో. కోడూరులో వాళ్ళ హాల్లోకి అడుగుపెట్టగానే కనపడేది అదేనట. ఆ పన్ను మీద చుక్క ఏందమ్మా అని వచ్చిన వాళ్ళు అడుగుతారట. కృష్ణవేణమ్మ వాళ్ళను కూర్చోబెట్టి జామకాయ దగ్గర నుంచి మొదలుపెడుతుందని, ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం లేదని సుప్రజ చెప్పింది.